సంగ్రహణి నుంచి క్రోన్స్ దాకా: యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన, మన పిల్లల పేగులు



మీ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గర్భిణులకు ఇచ్చే ఎర్ర మాత్రను మీరు చూసే ఉంటారు. అందులో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. ఇక మీలో ఎక్కువ మంది చూడని మందు మరొకటి ఉంది. దాని పేరు మెథోట్రెక్సేట్. క్రోన్స్ అనే పేగు వ్యాధితో బాధపడే కొందరు పిల్లలకు నగరాలలోని ఉదరకోశ నిపుణులు దీనిని వారానికి ఒక్కసారి ఇస్తారు. ఈ రెండూ పరస్పర విరోధులు. శరీరంలో మొదటిది చేసే పనిని రెండవది అడ్డుకుంటుంది. అయినా రెండూ ఒకే ప్రయోగశాలలో, ఒక తెలుగువాని నాయకత్వంలో రూపుదిద్దుకున్నాయి. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన పేదరికాన్ని గురించి, నోబెల్ బహుమానం రాకపోవడాన్ని గురించి మీరు చాలా చదివి ఉంటారు. నేను చెప్పదలచినది వేరు. ఆయన జీవితంలో మొదటి నుంచి చివరి వరకు ఒక పేగు జబ్బు నీడలా ఉన్నది. ఆ జబ్బు వెంట నడిచిన పరిశోధన, ఆయన మరణించిన దశాబ్దాల తరువాత, ఆయన ఊహించని మరొక పేగు జబ్బుకు మందును ఇచ్చింది. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలలో ప్రభుత్వ వైద్యునిగా పనిచేసినవాణ్ణి కనుక, ఈ చరిత్ర చదువుతున్నప్పుడల్లా ఆ వార్డులలోని బక్కచిక్కిన పిల్లలు గుర్తుకు వస్తారు. అందుచేత చరిత్రతో పాటు తల్లిదండ్రులు తెలుసుకోవలసిన నాలుగు మాటలు కూడా ఇక్కడే చెబుతాను.

ఇద్దరు అన్నదమ్ముల మరణం

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. రాజమహేంద్రవరంలో పెరిగారు. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగించి, మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. స్వదేశీ ఉద్యమ ప్రభావంతో ఖద్దరు ధరించి శస్త్రచికిత్స గదికి వెళ్ళడం ఆంగ్లేయ ఆచార్యునికి రుచించలేదు. ఫలితంగా ఆయనకు ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కింది.

ఈ కాలంలోనే ఆ కుటుంబం మీద పిడుగు పడింది. సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాతో మరణించారు. వారి జబ్బును ఆనాటి వైద్యులు స్ప్రూ అన్నారు. మన పెద్దలు సంగ్రహణి అని పిలిచే వ్యాధుల కోవలోనిది ఇది. తిన్నది ఒంటికి పట్టదు. జిడ్డుగా, నురుగుగా విరేచనాలు అవుతాయి. నాలుక పూస్తుంది, రక్తం క్షీణిస్తుంది, మనిషి ఎముకల గూడు అవుతాడు. తరువాత సుబ్బారావు కూడా ఈ జబ్బు పాలై చావు అంచు వరకు వెళ్ళారు. ఆయనకు ఆయుర్వేద చికిత్స చేసి కాపాడినవారు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి. ఆ కృతజ్ఞతతోనే కావచ్చు, ఆయన మద్రాసులో లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం బోధించారు.

ఆ రోజుల్లో స్ప్రూకు కారణం తెలియదు, నమ్మదగిన చికిత్స లేదు. ఉష్ణమండల వ్యాధులను అధ్యయనం చేయాలన్న పట్టుదలతో సుబ్బారావు 1920ల ఆరంభంలో అమెరికా వెళ్ళారు. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి చేసిన సాయం, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన సాయం ఆయనను సముద్రం దాటించాయి. మళ్ళీ ఆయన స్వదేశం చూడలేదు.

బోస్టన్‌లో కనుగొన్నవి

హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పొందిన తరువాత ఆయన జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే వద్ద చేరారు. పొట్టపోసుకోవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట కూలి పని కూడా చేశారు. రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే ఫిస్కే–సుబ్బారావు పద్ధతి 1925లో వెలువడింది. తరువాత అనేక దశాబ్దాలపాటు ప్రపంచమంతటా వైద్య విద్యార్థులు ప్రయోగశాలలో ఆ పేరు పలుకుతూనే ఉన్నారు. 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను ఫిస్కే, సుబ్బారావులు ప్రకటించారు. ఆ రెండవదానిని అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా కనుగొన్నారు. ప్రాణికోటి శక్తిని ఖర్చు పెట్టుకొనే నాణెం అదే. ఈ అడినోసిన్ అన్న పేరును గుర్తుంచుకోండి. మన కథ చివరిలో మరల వస్తుంది.

హార్వర్డ్ ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి ఇవ్వలేదు. 1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్ళారు. కొద్ది కాలంలోనే అక్కడి పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు.

కాలేయంలో దాగిన పదార్థం

ఇక్కడ ఒక అడుగు వెనక్కు వేసి బొంబాయి వెళ్ళాలి. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరిశీలించడానికి వచ్చారు. ఎర్ర రక్తకణాలు సాధారణం కంటే పెద్దవిగా ఉండే ఆ రక్తహీనతకు ఈస్ట్ సారం మందుగా పనిచేస్తుందని ఆమె 1931లో ప్రకటించారు. కాలేయ సారం కూడా పనిచేసేది. ఆ సారంలోని గుణకారి పదార్థం ఏమిటో మాత్రం తెలియలేదు. 1941లో అమెరికాలో మిచెల్, స్నెల్, విలియమ్స్ అనే శాస్త్రజ్ఞులు పాలకూర నుంచి తీసిన ఒక పదార్థానికి ఆకు అనే అర్థం గల లాటిన్ మాట నుంచి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు.

దానిని శుద్ధి చేసి, నిర్మాణం తేల్చి, కృత్రిమంగా తయారు చేసే పని సుబ్బారావు బృందం నెత్తిన వేసుకుంది. ఎన్నో కిలోల కాలేయం నుంచి చిటికెడు పదార్థం తీసే రోజులవి. 1945లో లెడర్లీ బృందం ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణను ప్రకటించింది. అప్పటి నుంచి అది కావలసినంత చవకగా దొరికింది. వెంటనే టామ్ స్పైస్ తదితర వైద్యులు స్ప్రూ రోగులకు ఇచ్చి చూశారు. నాలుక పుండ్లు మానాయి, ఆకలి పుట్టింది, రక్తం పట్టింది. సోదరులను మింగిన జబ్బు మీద సుబ్బారావు సాధించిన మొదటి విజయం ఇది.

రెండవది 1948లో వచ్చింది. డెబ్బై దాటిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్‌ను ఆయన తన ప్రయోగశాలలో మట్టి నమూనాల మధ్య కూర్చోబెట్టారు. ఆ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ లభించింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే పెద్దది. ఉష్ణమండల స్ప్రూకు నేటికీ పాఠ్యగ్రంథాలు చెప్పే చికిత్స ఏమిటో తెలుసా? ఫోలిక్ ఆమ్లం, దానితో టెట్రాసైక్లిన్, కొన్ని నెలలపాటు. విటమిన్ బి12 లోపం ఉంటే అదీ చేరుస్తారు. 1960ల ఆరంభంలో వెల్లూరు చుట్టుపక్కల గ్రామాలలో స్ప్రూ మహమ్మారిగా చెలరేగినప్పుడు అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలలో సెల్విన్ బేకర్, మాథన్ దానిని లోతుగా అధ్యయనం చేశారు. ఇప్పుడు ఆ జబ్బు చాలా అరుదైపోయింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఫోలిక్ ఆమ్లం సర్వరోగ నివారిణి కాదు. బి12 లోపించినవారికి ఇది ఒక్కటే ఇస్తే రక్తం మెరుగుపడినట్లు కనబడుతుంది, నరాలకు జరిగే హాని మాత్రం లోలోపల కొనసాగుతుంది. రక్తం తక్కువగా ఉందని ఎవరికి వారు మాత్రలు కొని ఏళ్ళ తరబడి మింగడం అందుకే మంచిది కాదు.

విరోధి పుట్టుక

బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్‌తో ఉన్న పిల్లలకు ఫోలిక్ ఆమ్లం సంబంధిత పదార్థాలు ఇచ్చి చూశారు. జబ్బు తగ్గకపోగా విజృంభించినట్లు ఆయనకు తోచింది. మరొకరైతే ఆ పని అక్కడే విడిచిపెట్టేవారు. ఫార్బర్ దానిని తిరగేసి ఆలోచించారు. ఫోలిక్ ఆమ్లం ఈ కణాలకు మేత అయితే, దాని వంటిదే కాని పనికిరాని పదార్థాన్ని ఇస్తే అవి పస్తులతో చస్తాయి కదా? తాళంలో ఇరుక్కుని తిరగని దొంగ తాళంచెవి వంటి మందు కావాలి. సుబ్బారావు బృందం అటువంటి ఫోలిక్ ఆమ్ల విరోధులను తయారు చేసి పంపింది. వాటిలో అమినోప్టెరిన్ ఫలించింది. 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో జబ్బు తాత్కాలికంగా ఉపశమించిందని ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించారు. అంతకుముందు ఆ జబ్బుకు ఏ మందూ లేదు.

ఆ వ్యాసం వెలువడిన రెండు నెలలకు, 1948 ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53. అమినోప్టెరిన్‌కు తోబుట్టువు, అంతకంటే సురక్షితమైనది, అమెథోప్టెరిన్. దానినే నేడు మెథోట్రెక్సేట్ అంటున్నాము.

పిల్లల పేగులలో మంట

ఇప్పుడు రెండవ పేగు జబ్బుకు వద్దాము. ఇది స్ప్రూ కాదు, రెండింటినీ కలపకండి. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ పేగు గోడ మీదనే ఆగని యుద్ధం చేస్తే వచ్చేవి శోథ పేగు వ్యాధులు. ఇవి ముఖ్యంగా రెండు. పెద్దపేగు లోపలి పొరకు పరిమితమయ్యేది అల్సరేటివ్ కోలైటిస్. నోటి నుంచి మలద్వారం వరకు ఎక్కడైనా, గోడ మందమంతా పట్టేది క్రోన్స్ వ్యాధి. 1932లో న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ ఆసుపత్రిలో బర్రిల్ క్రోన్, లియాన్ గింజ్‌బర్గ్, గోర్డన్ ఆపెన్‌హైమర్ 14 మంది రోగులను వర్ణిస్తూ, ఇది పేగు క్షయ కాదు, వేరే జబ్బు అని నిరూపించారు. ఆ మాట మన దేశంలో నేటికీ ఎంత ముఖ్యమో కిందట చెబుతాను.

ఈ రోగులలో నాలుగో వంతు వరకు బాల్యంలోనో కౌమారంలోనో జబ్బు పడతారు. పెద్దవారిలో లేని నష్టం ఒకటి వీరిలో ఉంది. ఎదుగుదల ఆగిపోతుంది. పన్నెండేళ్ళ పిల్లవాడు తొమ్మిదేళ్ళవాడిలా ఉంటాడు. ఆడపిల్లకు రజస్వల కావలసిన వయసు దాటిపోతుంది. ఎదిగే కాలం కొద్ది ఏళ్ళే. దానిని చేజార్చుకుంటే తరువాత ఎంత మంచి మందు వాడినా ఆ ఎత్తు పూర్తిగా తిరిగి రాదు. స్టెరాయిడ్లు మంటను చల్లార్చగలవు గాని, ఎక్కువ కాలం వాడితే అవే ఎదుగుదలను దెబ్బతీస్తాయి. అందుచేత స్టెరాయిడ్ లేకుండా జబ్బును అదుపులో ఉంచే మందు పిల్లలకు మరింత అవసరం.

మెథోట్రెక్సేట్ పేగుకు చేరిన దారి

1951లో గబ్నర్ అనే వైద్యుడు అమినోప్టెరిన్‌ను తక్కువ మోతాదులో కీళ్ళవాతానికి, సోరియాసిస్‌కు వాడి గుణం చూశారు. ఆ తరువాత మెథోట్రెక్సేట్ చర్మవైద్యుల చేతికి, 1980లలో కీళ్ళ వైద్యుల చేతికి వచ్చింది. 1989లో అమెరికాలోని సియాటిల్‌లో కోజారెక్ బృందం, మొండికేసిన పేగు వ్యాధి గల 21 మందికి దీనిని ఇచ్చి ఆశ రేపింది. 1995లో కెనడాకు చెందిన బ్రయన్ ఫీగన్ నాయకత్వంలో 141 మంది క్రోన్స్ రోగులపై పకడ్బందీ పరీక్ష జరిగింది. వారానికొక సూది చొప్పున 16 వారాలు ఇచ్చాక, మందు తీసుకున్నవారిలో నూటికి 39 మంది స్టెరాయిడ్ మానివేసి కుదుటపడ్డారు. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో ఆ సంఖ్య 19. అలా కుదుటపడినవారిలో మందు కొనసాగిస్తే 40 వారాల తరువాత నూటికి 65 మంది బాగున్నారని, ఉత్తుత్తి మందుతో 39 మందే బాగున్నారని 2000లో వెలువడిన అధ్యయనం తెలిపింది.

ఆపై బాలల వైద్యులు దీనిని పిల్లలకు వాడసాగారు. అజాథియోప్రిన్ అనే మందును ఖరీదైన జీవ ఔషధాలతో కలిపి వాడినప్పుడు, ముఖ్యంగా మగపిల్లలలో, చాలా అరుదుగా ఒక ప్రమాదకరమైన లింఫోమా కనబడడం కూడా వారిని మెథోట్రెక్సేట్ వైపు నడిపింది. 2023లో అమెరికాలో 297 మంది పిల్లలపై జరిగిన పరీక్షలో, అడాలిముమాబ్ అనే జీవ ఔషధానికి కొద్దిపాటి మెథోట్రెక్సేట్ జోడిస్తే చికిత్స విఫలం కావడం తగ్గింది. ఇన్‌ఫ్లిక్సిమాబ్‌తో జోడిస్తే మాత్రం అదనపు లాభం కనబడలేదు.

తక్కువ మోతాదులో ఈ మందు మంటను ఎలా చల్లారుస్తుంది? శాస్త్రజ్ఞులు చెప్పే ముఖ్యమైన వివరణలలో ఒకటి, కణాల వద్ద అడినోసిన్ పోగుపడి తాపాన్ని తగ్గిస్తుందని. 1929లో సుబ్బారావు గుర్తించిన శక్తినాణేనికి మూలపదార్థం కూడా అడినోసినే. మరొక ముడి చూడండి. స్టాక్‌హోమ్ వైద్యురాలు నానా స్వార్ట్జ్ రూపొందించిన సల్ఫాసలజీన్‌ను కోలైటిస్‌కు ఇప్పటికీ వాడుతున్నాము. అది పేగులో ఫోలిక్ ఆమ్లాన్ని గ్రహించనివ్వదు. కనుక దానితో ఫోలిక్ ఆమ్లం మాత్ర ఇస్తాము. మెథోట్రెక్సేట్ వాడేవారికీ వేరొక రోజున అదే మాత్ర ఇస్తాము. ఆ పిల్లల మందుల చీటీలో సుబ్బారావు రెండు చేతులూ కనబడతాయి.

మన ప్రాంతంలో ఎక్కడ ఆలస్యమవుతోంది

తెనాలి నుంచి రేపల్లెకు వెళ్ళే రైలుదారికి ఇరువైపులా కాలువలు, వరిచేలు. అటు బాపట్ల, నిజాంపట్నం వైపు సముద్రతీరం. నీటి వల్ల వచ్చే విరేచనాలు ఇక్కడ కొత్త కాదు. ఆ పరిచయమే అసలు జబ్బును కప్పివేస్తుంది. పిల్లవాడికి బంక విరేచనాలంటే అమీబా అనుకుంటారు. రక్తం పడితే మొలలంటారు, పిల్లలలో మొలలు చాలా అరుదు అయినప్పటికీ. పీలగా ఉంటే నులిపురుగులని మందు పోస్తారు, లేదా దిష్టి తీస్తారు. మొదటిసారి ఇవి తప్పు కావు. మన ప్రాంతంలో అమీబా, నులిపురుగులు నిజంగానే ఎక్కువ. మూడోసారి, నాలుగోసారి కూడా అదే మందు రాయించుకోవడమే ప్రమాదం.

క్షయతో చిక్కు ఇంకా పెద్దది. పేగు క్షయ, క్రోన్స్ రెండూ చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోటనే ఎక్కువగా కూర్చుంటాయి. రెండింటిలోనూ జ్వరం, కడుపునొప్పి, బరువు తగ్గడం ఉంటాయి. కొలనోస్కోపీ చేసి ముక్క తీసి పరీక్షించినా కొన్నిసార్లు తేలదు. అప్పుడు మన దేశంలో క్షయ మందులు ఇచ్చి చూడడం న్యాయమే. ఎందుకంటే క్షయ ఉన్న పిల్లవాడికి క్రోన్స్ మందులు ఇస్తే క్షయ చెలరేగుతుంది. అయితే రెండు మూడు నెలలలో పేగును మరల చూసి పుండ్లు మానుతున్నాయో లేదో తేల్చుకోవాలి. మానకపోతే రోగనిర్ధారణను తిరిగి ఆలోచించాలి. ఆ రెండవ పరీక్షకు వెళ్ళకుండా ఏడాదంతా క్షయ మందులు మింగిన పిల్లలను నేను చూశాను. అప్పటికి పేగు సన్నబడి శస్త్రచికిత్స దాకా వచ్చేది.

కనుక ఈ లక్షణాలు గమనించండి. నాలుగు వారాలు దాటిన విరేచనాలు, మలంలో రక్తం, నిద్ర లేపే కడుపునొప్పి, మలద్వారం వద్ద మానని పుండు లేదా చీము, మాటిమాటికి నోటిపూత, కారణం తెలియని జ్వరం, రక్తహీనత, అన్నిటికంటే ముఖ్యంగా ఎదుగుదల ఆగడం. మీ ఇంటి గోడ మీద పెన్సిలుతో ఏటేటా పిల్లల ఎత్తు గుర్తు పెట్టండి. ఖర్చు లేని మంచి పరీక్ష అది. గుర్తు కదలకపోతే ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల వైద్యునికి చూపి, అవసరమైతే గుంటూరు వంటి బోధనాసుపత్రికి వెళ్ళండి. క్రోన్స్ ఉన్న పిల్లలకు ఆరు నుంచి ఎనిమిది వారాలు ప్రత్యేక పోషక ద్రవాహారం మాత్రమే ఇచ్చి, స్టెరాయిడ్ లేకుండానే మంట చల్లార్చే పద్ధతి కూడా ఉందని వైద్యుని అడగండి.

మెథోట్రెక్సేట్ వాడే ఇల్లు అయితే

ఈ మందు వారానికి ఒక్కసారి మాత్రమే. రోజూ వేసుకుంటే ప్రాణం తీస్తుంది. మందుల చీటీ మీద వారం పేరును తెలుగులో రాయించుకోండి, క్యాలెండర్‌లో ఆ రోజు చుట్టూ గీత గీయండి. ఆదివారం మందు అయితే ఫోలిక్ ఆమ్లం మరొక రోజున. రక్తపరీక్ష, కాలేయ పరీక్ష వైద్యుడు చెప్పిన గడువుకు తప్పక చేయించాలి. జలుబుకో మూత్రంలో మంటకో సెప్ట్రాన్ వంటి కోట్రైమాక్సజోల్ మాత్రలు దుకాణంలో అడిగి వేయవద్దు. అవి కూడా ఫోలిక్ ఆమ్లం దారికే అడ్డుపడతాయి, రెండూ కలిస్తే ఎముక మజ్జ కుంగిపోతుంది. సజీవ సూక్ష్మజీవులుండే టీకాలను వైద్యుని అడగకుండా వేయించరాదు. గర్భంలోని శిశువుకు ఈ మందు హాని చేస్తుంది. ఎదిగిన ఆడపిల్లకు ఈ సంగతి సిగ్గుపడకుండా చెప్పాలి.

సుబ్బారావుకు పిల్లల పేగు శోథ గురించి ఎవరూ చెప్పలేదు. ఆయన స్ప్రూను వెతికారు, రక్తహీనతను వెతికారు, క్యాన్సర్‌ను వెతికారు. ఆయన సోదరులు జబ్బుపడిన నాటికి మందు లేదు కనుక వారు మరణించారు. నేడు మన పిల్లలకు మందు ఉంది. జబ్బును గుర్తించడంలో జరిగే ఆలస్యమే నష్టం తెస్తున్నది. ఆ ఆలస్యాన్ని తగ్గించడానికి ప్రయోగశాలలు అక్కరలేదు. తల్లిదండ్రుల గమనిక, వైద్యుని సందేహం, గోడ మీద ఒక పెన్సిలు గీత చాలు.

ఈ రాత్రి మీ ఇంట్లో పిల్లలను గోడకు ఆనించి నిలబెట్టి కొలవండి. కిందటి ఏటి గుర్తు లేకపోతే, ఈ రోజుదే మొదటి గుర్తు.